రన్నింగ్ పెట్రోల్ బంకు కొనాలనుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

ధర్మవరం నుంచి తెలిసిన తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. "అన్నా, హైవే మీద ఒక బంకు వస్తోంది. ఆయిల్ కంపెనీ డీలర్‌షిప్ రద్దు చేసిందంట గానీ, కోర్టులో స్టే వస్తుందంట, తీసుకోనా?" అని. అడ్రస్ అడిగితే నేను మునిగిన బంకే! రాత్రంతా నిద్ర పట్టలేదు.

రెండేళ్ల కింద చేను అమ్మి ఆ డీలర్‌కు 38 లక్షలు ఇచ్చాను. స్టాంపు పేపర్ మీద పార్టనర్‌షిప్ డీడ్, ఒక జీపీఏ (ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికార పత్రం), నోటరీ సంతకం. "సేల్స్ ఆఫీసర్ మనోడే, పేరు తర్వాత మార్పిద్దాం" అన్నాడు, నమ్మాను. లోడుకు డబ్బు నాది, కంపెనీకి పెట్టే ఆర్డరు (ఇండెంట్) మాత్రం ఆయన పేరు మీదే. పద్నాలుగు నెలలకు తనిఖీకి వచ్చినవాళ్లు డీలర్ ఎక్కడని అడిగారు. షోకాజ్ నోటీసు ఆయన ఇంటికి పోయింది, నాకు ఒక్క మాట చెప్పలేదు. తర్వాత టర్మినేషన్ లెటర్ వచ్చింది, లోడు ఆగిపోయింది. పనివాళ్లకు జీతాలు ఎలా ఇవ్వాలో తెలియక ఆ నెలంతా ఒకటే టెన్షన్.

స్టే కోసం అనంతపురంలో లాయర్ దగ్గరికి పోతే, ముందు నన్ను ఒకటే అడిగాడు: "కంపెనీతో నీకు అగ్రిమెంట్ ఉందా?" లేదు. కంపెనీకి నేనెవరో తెలియదు. అగ్రిమెంట్‌లోని ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తితో తీర్పు) కూడా డీలర్‌కే గానీ నాకు వర్తించదు.

పోనీ డీలరే కేసు వేస్తే? ఇక్కడే చాలామంది పొరపడతారు. 1990లో ఇండియన్ ఆయిల్, అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 30 రోజుల నోటీసుతో రెండు పక్షాల్లో ఎవరైనా రద్దు చేసుకునే వీలున్న డిస్ట్రిబ్యూటర్‌షిప్ అది. రద్దు తప్పే అయినా, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం దాన్ని తిరిగి ఇప్పించడం కుదరదని, ఆ 30 రోజులకు నష్టపరిహారం మాత్రమే వస్తుందని చెప్పింది. కాబట్టి "స్టే వస్తుంది" అనే మాట విని లక్షలు పెట్టొద్దు. శాంపిల్ తేడా పేరుతో రద్దయిన ఒక డీలర్‌షిప్‌ను సుప్రీంకోర్టే నిలబెట్టిన సందర్భం ఉంది, నిజమే. కానీ అక్కడ కోర్టుకు పోయింది డీలర్, నాలాగా వెనకనుంచి కొన్నవాడు కాదు.

బంకు నిజంగా మీదవ్వాలంటే దారి ఒకటే. దాన్ని రీకాన్‌స్టిట్యూషన్ అంటారు. కంపెనీ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుని, మీ పేరుతో కొత్త అగ్రిమెంట్ రాయాలి. ఆ కాగితం చేతికి రాకముందు రూపాయి కూడా ఇవ్వకండి. డీలర్‌షిప్ అగ్రిమెంట్ కాపీ అడిగి, రద్దు నిబంధన చదవండి. చూపించనంటే లేచి వచ్చేయండి. ఎక్స్‌ప్లోజివ్స్ లైసెన్స్ (పెట్రోల్ నిల్వకు ఇచ్చేది), జీఎస్టీ, లోడు డబ్బు పోయే బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉన్నాయో చూడండి. సేల్స్ ఆఫీసర్ నోటి మాట కాదు, కంపెనీ డివిజనల్ ఆఫీసులో మీరే అడగండి. జీపీఏని అసలు నమ్మొద్దు, ఇచ్చినాయన పోతే అది కూడా పోతుంది.

నా డబ్బు కోసం వేసిన దావా ఇంకా వాయిదాల మీదే ఉంది, అందుకే ఊరు, పేర్లు రాయడం లేదు. మీకు చూపిస్తున్నది ఆ బంకేనేమో అని అనుమానం ఉంటే మెసేజ్ పెట్టండి, టర్మినేషన్ లెటర్ కాపీ చూపిస్తాను. ధర్మవరం తమ్ముడికి పొద్దున్నే పంపించాను. ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదన్నాడు.