మెష్ కేసా, గాజు కేసా? విజయనగరం ఎండలో మిడ్ టవర్ ఎంపిక

డెస్క్‌టాప్ కంప్యూటర్ భాగాలు బిగించే మధ్యస్థ సైజు పెట్టే మిడ్ టవర్ కేసు. దాని ముందు పలక మెష్ (సన్న జాలీ) కావచ్చు, గాజు కావచ్చు. రెండింటిలోనూ 305 × 244 మిల్లీమీటర్ల ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డు పడుతుంది. తేడా అంతా ముందు పలకలోనే.

గాలి: మెష్‌లో ఫ్యాన్లు నేరుగా పీల్చుకుంటాయి, గాజులో పక్క సందులే దిక్కు. మే నెలలో విజయనగరంలో గది గాలే వేడి. ఫ్యాన్లు ఎన్ని పెట్టినా కేసు లోపల అంతకంటే చల్లబడదు. గాలి దారి కూడా ఇరుకైతే గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది.

దుమ్ము: మెష్‌కే ఎక్కువ. మా ఇల్లు రోడ్డు పక్కనే కాబట్టి రెండు వారాలకోసారి ఫిల్టరు కడుగుతాను. బాగా ఆరాకే బిగించాలి.

ప్రమాదం: టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజు అంచు టైల్స్ నేలకు తగిలితే చాలు, పొడిపొడి అవుతుంది.

ఖర్చు: గాజు కేసుకు అదనపు ఫ్యాన్లనూ కలిపి లెక్కవేయండి.

ఏసీ లేని గది, పెద్ద కార్డు అయితే మెష్. ఏసీ గది, చిన్న కార్డు, రంగు దీపాల సరదా ఉంటే గాజు.