ఎప్‌స్టీన్-బార్ యాంటీబాడీలతో ఆరేళ్లు: చేయించుకున్న పరీక్షలు, వేసుకోని మాత్రలు

తిత్లీ తుపాను మా కొబ్బరితోటలను నేలకూల్చిన మరుసటి ఏడాది, అంటే 2019 ఆగస్టులో, నాకు మూడు వారాలపాటు జ్వరం వచ్చింది. మెతుకు మింగనివ్వని గొంతునొప్పి, మెడకు రెండు పక్కలా బిళ్లలు కట్టడం దానితోపాటే వచ్చాయి. జ్వరం తగ్గింది గాని, అది మిగిల్చిన నిస్త్రాణ నేటికీ పూర్తిగా వదలలేదు. సోంపేట మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తూనే ఈ ఆరేళ్లూ గడిపాను. ఈ కాలంలో ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ కోసం నాలుగుసార్లు చేయించుకున్న యాంటీబాడీ పరీక్ష (క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే రక్షక పదార్థాల కొలత) గురించి, ఎంతో ఆలోచించి చివరికి వేసుకోకుండా వదిలేసిన వాలాసైక్లోవిర్ అనే వైరస్‌లను అణచే మాత్రల గురించి ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ జ్వరాన్ని టైఫాయిడ్ అన్నారు. మా ప్రాంతంలో జ్వరం నాలుగు రోజులు దాటితే టైఫాయిడ్ కోసం చేసే విడాల్ రక్తపరీక్ష తప్పదు, అందులో కాస్త ఎక్కువ అంకె కనిపిస్తే మందులూ తప్పవు. ఎప్పుడో వచ్చి పోయిన జబ్బుకు సంబంధించిన యాంటీబాడీలు కూడా ఆ పరీక్షలో బయటపడవచ్చునని నాకు తరువాత తెలిసింది. ఎప్‌స్టీన్-బార్ పరీక్షను అర్థం చేసుకోవడానికి ఆ సంగతే నాకు ఎక్కువగా తోడ్పడింది.

2020 మొదట్లో విశాఖపట్నంలో చేయించిన ఎప్‌స్టీన్-బార్ పరీక్షలో, ఈ వైరస్ మీద ఏర్పడే రెండు రకాల యాంటీబాడీలలో విసిఏ ఐజీజీ 750 దాటిందని, ఈబీఎన్‌ఏ ఐజీజీ కూడా చాలా ఎక్కువగా ఉందని వచ్చింది. కొత్తగా సోకినప్పుడు కనిపించే ఐజీఎం మాత్రం లేదు. కాగితం చూసిన ఒక ప్రైవేటు వైద్యుడు నా ఒంట్లో వైరస్ ఇంకా రగులుతూనే ఉందని చెప్పి, ప్రతి ఆరు నెలలకూ పరీక్ష చేయించుకోమన్నారు. ఆ మాట నన్ను మూడేళ్లు వెంటాడింది. అంకె కాస్త తగ్గితే కోలుకుంటున్నాననుకునేదాన్ని, పెరిగితే ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. “ఏటమ్మా, రగతమంతా పరీక్షలకే ఇచ్చేస్తన్నావేటి?” అని మా అత్తయ్య బాధపడేవారు.

శ్రీకాకుళంలో నన్ను చూసిన రెండో వైద్యురాలు అరగంట కూర్చోబెట్టి అసలు విషయం వివరించారు. 1964లో ఎప్‌స్టీన్, ఆచాంగ్, బార్ అనే శాస్త్రవేత్తలు బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ కణాలలో కనుగొన్న ఈ వైరస్, పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు సోకినదే. ఇది ఎంగిలి ద్వారా పాకుతుంది. ఒకే కంచంలో తిని, ఒకే గ్లాసుతో తాగి పెరిగే మన ఇళ్లలో చాలామందికి పసితనంలోనే, సోకిన ఆనవాలు కూడా తెలియకుండా వచ్చేస్తుంది. ఆ తరువాత రక్తంలోని బి కణాలలో జీవితాంతం నిద్రాణంగా ఉండిపోతుంది. కాబట్టి విసిఏ ఐజీజీ, ఈబీఎన్‌ఏ ఐజీజీ రెండూ ఉన్నాయంటే అర్థం పాత సోకుడు అనే గాని, ఆ అంకె ఎంత పెద్దదైనా దానినిబట్టి నీరసాన్ని కొలవలేము. పైగా యంత్రం మారితే కొలమానమే మారుతుంది. నేను మూడు వేర్వేరు ల్యాబుల అంకెలను పక్కపక్కన రాసుకుని పోల్చడంలో అర్థం లేదు. ఆనాటి నా జ్వరానికి ఈ వైరసే కారణమా అన్నది కూడా ఈ కాగితాలు తేల్చలేవు.

నిజంగా భయపడవలసినది దీర్ఘకాల క్రియాశీల ఎప్‌స్టీన్-బార్ వ్యాధి. అది అరుదైనది, ఎక్కువగా జపాను వంటి తూర్పు ఆసియా దేశాలలో కనిపిస్తుంది. అందులో జ్వరం, గ్రంథుల వాపు, కాలేయం దెబ్బతినడం వంటివి నెలల తరబడి సాగుతాయి, రక్తంలో వైరస్ డీఎన్‌ఏ పెద్ద మొత్తంలో ఉంటుంది. ఆ డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష నాకు చేయించారు, అది కనబడలేదు. నాలుగు యాంటీబాడీ పరీక్షలు ఇవ్వని నిమ్మళాన్ని ఆ ఒక్క పరీక్ష ఇచ్చింది. ఆ పూటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 కూడా చూశారు. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. నాలుగు నెలలు ఇనుము మాత్రలు వాడాక ఇంటి మేడమెట్లు ఆగకుండా ఎక్కగలిగాను. మొదటి ఏడాదే ఈ హిమోగ్లోబిన్ పరీక్ష ఎవరూ ఎందుకు రాయలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక మందు సంగతి. వాలాసైక్లోవిర్ మా ఇంట్లో తెలిసిన మందే. మామయ్యకు సర్పి వచ్చినప్పుడు రోజుకు మూడు చొప్పున ఏడు రోజులు వేసుకుని తేరుకున్నారు. నాకు మాత్రం మొదటి వైద్యుడు ఆరు నెలలు వాడి చూద్దామన్నారు. ఈ మందు వైరస్ తన సంఖ్యను పెంచుకునే దశలోనే పని చేస్తుంది, నిద్రాణంగా ఉన్న వైరస్‌ను తాకలేదు. కొత్తగా ఎప్‌స్టీన్-బార్ జ్వరం వచ్చినవారిలో సైతం దీని మూలమందైన ఎసైక్లోవిర్ గొంతులోని వైరస్‌ను తగ్గించింది గాని, జబ్బు రోజులను తగ్గించలేకపోయింది. ఎప్‌స్టీన్-బార్ కోసమని ఆమోదం పొందిన యాంటీవైరల్ మందు ఒక్కటీ లేదు.

ఇంత తెలిసినా, ఒకసారి వాడి చూస్తే పోయేదేముంది అన్న ఆశ నన్ను చాలాకాలం విడవలేదు. దానికి అడ్డుపడింది మా ఊరే. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం కలిసిన ఈ ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. మా మరిది వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తాడు. వాలాసైక్లోవిర్ ఒంట్లో ఎసైక్లోవిర్‌గా మారి మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. ఒంట్లో నీరు తగ్గితే అక్కడ స్ఫటికాలు కట్టే ప్రమాదం ఉంది. మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ నాకు 1.2 వచ్చింది. మే నెల ఎండలో చెమటోడుస్తూ, ఫలితం మీద భరోసా లేని మందును ఆరు నెలలు మింగడానికి నా మనసు ఒప్పలేదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారి విషయం, పీసీఆర్‌లో డీఎన్‌ఏ ఎక్కువగా ఉన్నవారి విషయం వేరు. వారు నిపుణులను సంప్రదించాలి.

నాకు నిలకడగా మేలు చేసినది శక్తిని లెక్కగా ఖర్చు చేయడం. ఒకరోజు మితిమీరి పని చేస్తే దెబ్బ వెంటనే తెలియదు, మరుసటి రోజో ఆ పై రోజో పడుకోబెడుతుంది. ఇది గ్రహించడానికి నోటుపుస్తకంలో రెండు నెలలు రాసుకోవలసి వచ్చింది. ఇప్పుడు వరుసగా రెండు పీరియడ్లకు మించి నిలబడను, జవాబుపత్రాలు ఒకేసారి దిద్దను, పెళ్లిళ్లకు వెళ్తే మరునాడు సెలవు పెడతాను. 2019లో నెలకు పది పన్నెండు రోజులు మంచాన ఉండేదాన్ని, ఈ ఏడాది అది రెండు మూడు రోజులకు తగ్గింది. యాంటీబాడీ పరీక్ష 2023 తరువాత మళ్లీ చేయించలేదు. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ మాత్రం ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. మొన్నటి క్రియాటినిన్ 1.1.