ఖాళీ ఇంటికి కరెంటు బిల్లు తగ్గిస్తామని బాక్సు అమ్ముతున్నారు, దయచేసి కొనకండి

విశాఖలో మర్రిపాలెం, మురళీనగర్ వైపు ఉండేవాళ్లు ముఖ్యంగా చదవండి. ‘పవర్ సేవర్’ అని చెప్పి సాకెట్లో పెట్టే చిన్న ప్లాస్టిక్ బాక్సులు ఇంటింటికీ తిరిగి అమ్ముతున్నారు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని, తాళం వేసి ఉంటున్నారని తెలిసిందంటే ఇక వదలరు. మా పిన్ని దగ్గర రెండు బాక్సులకి 4,500 రూపాయలు తీసుకున్నారు. బిల్లు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

బాబాయికి పక్షవాతం వచ్చింది. డిశ్చార్జ్ అయ్యాక ఫిజియోథెరపీ కోసం హైదరాబాద్‌లో మా తమ్ముడి దగ్గరే ఉండిపోయారు. మందులకీ స్కానింగులకీ చేతిలో డబ్బు నిలవని సమయంలో, మనిషి లేని ఇంటికి ఎప్పట్లాగే కరెంటు బిల్లు వస్తుంటే ఎవరికి మాత్రం టెన్షన్ ఉండదు? పాత రిపోర్టులు తీసుకెళ్దామని పిన్ని వచ్చిన రోజు మెడలో ట్యాగ్ వేసుకున్న ఒకతను గేటు దగ్గరే ఆపి, “అమ్మా, తాళం వేసిన ఇంట్లో వైర్లలోంచి కరెంటు లీక్ అవుతుంది, ఇది పెడితే బిల్లు సగం అయిపోతుంది, మమ్మల్ని కరెంటు ఆఫీసు వాళ్లే పంపారు” అని చెప్పాడట. రసీదు ఇవ్వలేదు. ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు స్విచాఫ్. ఆసుపత్రి నుంచి వచ్చి అలిసిపోయి ఉన్న మనిషిని అలా మాటల్లో పెట్టి డబ్బు గుంజడం నాకు చాలా కోపం తెప్పించింది.

నేను ఒక బాక్సు స్క్రూలు విప్పి చూశాను. లోపల అగ్గిపెట్టంత కెపాసిటర్ ఒకటి, చిన్న బోర్డు, బయటికి పచ్చగా వెలగడానికి ఒక ఎల్‌ఈడీ. అంతే. కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ని, అంటే లైన్లోంచి లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వాటాని, సరిచేస్తుంది, పెద్ద మోటార్లు నడిపే ఫ్యాక్టరీలకి దాంతో లాభం ఉంటుంది. మన ఇళ్లకి బిల్లు వేసేది నిజంగా వాడిన యూనిట్ల మీద కాబట్టి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. నమ్మకం లేకపోతే మీటరు మీద మిణుకుమిణుకుమనే చిన్న ఎర్ర లైటు చూడండి. ఇంట్లో ఒక్క ఫ్యాను మాత్రం వేసి, బాక్సు పెట్టి ఒక నిమిషం, తీసి ఒక నిమిషం ఆ లైటు ఎన్నిసార్లు వెలుగుతుందో లెక్కపెట్టాను, తేడా లేదు. పైగా తాళం వేసిన ఇంట్లో రాత్రీ పగలూ ప్లగ్గులో ఉండే చవకరకం కెపాసిటర్ వేడెక్కి కాలితే చూసేవాళ్లెవరు?

మరి ఖాళీ ఇంటికి బిల్లు ఎందుకొచ్చిందంటే, ఒకటి, మీటరు గేటు లోపల ఉంది. రీడింగ్‌కి వచ్చినవాళ్లకి తాళం కనబడితే డోర్ లాక్ అని రాసుకుని పాత నెలల సగటు మీద బిల్లు వేస్తారు, తర్వాత అసలు రీడింగ్ దొరికినప్పుడు సర్దుతారు. మేము మీటరు ఫోటో తీసి మా ఏరియా కరెంటు సెక్షన్ ఆఫీసులో చూపించి రాసి ఇచ్చాం. ఇలాంటి వాటికి మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ల 1912 నంబరు కూడా ఉంది. ఖర్చేమీ లేదు, ఏ బాక్సూ అక్కర్లేదు.

రెండోది ఇంట్లోనే దొరికింది. లైట్లు, ఫ్యాన్ల స్విచ్చులన్నీ ఆపినా మీటరు మీద ఆ ఎర్ర లైటు మిణుకుమంటూనే ఉంది. వెతికితే, మేడ మీద బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు సన్నగా కారుతోంది, ఓవర్‌హెడ్ ట్యాంకు తగ్గగానే ఆటోమేటిక్ పెట్టిన మోటారు దానంతటది ఆన్ అవుతోంది. అంటే నీళ్లూ పోతున్నాయి, కరెంటూ పోతోంది. దానికి తోడు ఆవకాయ జాడీ ఒక్కటి ఉన్న ఫ్రిజ్, ఆన్‌లో వదిలేసిన గీజరు, సెట్‌టాప్ బాక్సు. ఫ్రిజ్ ఒక్కటే రోజుకి యూనిట్ దాకా లాగుతుంది.

ఎక్కువ రోజులు ఇంటికి తాళం వేసి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి గుడ్డ అడ్డం పెట్టి ఉంచండి, మన సముద్రపు తేమకి మూసేస్తే లోపలంతా బూజే. ఇన్వర్టర్ బ్యాటరీని నిండుగా చార్జ్ చేసి ఎలక్ట్రీషియన్ చేత విప్పించాకే మెయిన్ ఆపండి, విప్పకుండా నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీ పాడవుతుంది. నీళ్ల వాల్వు, గ్యాస్ రెగ్యులేటరు కట్టేయండి. ఇవన్నీ చేసినా బిల్లు సున్నా కాదు, కాంట్రాక్టు లోడు (కనెక్షన్‌కి రాయించుకున్న కిలోవాట్లు) మీద కిలోవాట్‌కి ఇంత అని ఫిక్స్‌డ్ చార్జీ ఎలాగూ ఉంటుంది. సున్నా చేస్తామన్నవాడు అబద్ధం చెబుతున్నట్టే.

ఇంకో మాట. ఇలా వచ్చినవాళ్లకి సర్వీస్ నంబరు, ఓటీపీ చెప్పకండి. “ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం, ఈ యాప్ వేసుకోండి” అని మెసేజ్ వస్తే అదీ మోసమే. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇప్పటికే ఈ బాక్సు కొన్నవాళ్లుంటే పారేయకండి, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, బాక్సు ఫోటో దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. మేమూ చేశాం. పక్కింట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే వాళ్ల ఇంటికి వచ్చేవాళ్ల మీద మీరే ఒక కన్నేసి ఉంచండి.