వాటా సొమ్మా, పథకం సొమ్మా?

కేంద్ర బడ్జెట్ రాగానే కోనసీమ అరుగుల మీద ఒకటే ప్రశ్న: మనకేం వచ్చింది? డబ్బు వచ్చే దారులు ముఖ్యంగా రెండు.

ఒకటి పన్నుల వాటా. కేంద్రం, రాష్ట్రాల మధ్య పన్నుల పంపకం సూచించే 15వ ఆర్థిక సంఘం ప్రకారం 2021-26 మధ్య పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలది, అందులో ఆంధ్రప్రదేశ్‌కి 4.047 శాతం ఉండేది. దాంతో కాలువల పూడిక తీయిస్తారో, జీతాలే ఇస్తారో రాష్ట్రం ఇష్టం. పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు మాత్రం పంపకంలోకి రావు.

రెండోది పథకం సొమ్ము. షరతులెక్కువ. మధ్యాహ్న భోజనమే చూడండి: బియ్యం కేంద్రానివి, వంట ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం. అదీ 8వ తరగతి వరకే. మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్న బడి భోజనం 9, 10 తరగతుల పిల్లలూ తింటారు. ఆ ఖర్చు రాష్ట్రానిదే. ఆకలికి తరగతి తెలుస్తుందా ఏంటి! పైగా బడ్జెట్‌లో పథకం అంకె పెరిగితే రాష్ట్రం తన 40 కూడా వెతుక్కోవాలి. అక్కడే టెన్షన్.

నన్నడిగితే వాటాయే మేలు, ఏ డ్రెయిన్ తవ్వాలో ఇక్కడే తేల్చుకోవచ్చు. కాకపోతే ఆ రూపాయి ఖజానాలో కలిశాక ఎటు పోయిందో చెప్పలేం. పథకం సొమ్ముకైతే పద్దు పేరు పెట్టి లెక్క అడగొచ్చు.