స్టార్డా, అన్‌స్టార్డా: శాఖ చేత జవాబు చెప్పించడానికి ఏ ప్రశ్న మేలు?

పార్లమెంటు సమావేశాలు దగ్గర పడితే చాలు, నాకు ఒకటే రకం ఫోన్లు. "సార్, ఎంపీ గారు మన ప్రశ్న వేస్తానన్నారు. స్టార్ పెట్టించమంటారా, మామూలుగా వేయించమంటారా?" ఈసారి అడిగింది మా ఊరి రైలు ప్రయాణికుల సంఘం వాళ్లు. వాళ్ల బాధ లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఎన్నాళ్లయినా లేవని ఓవర్‌బ్రిడ్జి. అంతకుముందు అడిగినవాళ్లకు పెన్షన్ గొడవ. స్టార్డ్ అంటే నక్షత్రం గుర్తు వేసిన ప్రశ్న, దానికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేని అన్‌స్టార్డ్‌కు రాత జవాబే. సమస్య ఏదైనా అందరి మనసులోనూ స్టారే ఉంటుంది. ఎంపీ లేచి అడగాలి, మంత్రి లేచి చెప్పాలి, అది టీవీలో రావాలి.

నన్నే ఎందుకు అడుగుతారంటే, నేను ఢిల్లీలో ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ప్రశ్నలు వేసే వైపు కాదు, జవాబులు రాసే వైపు కూర్చున్నవాణ్ని. ఏ ప్రశ్న వస్తే మాకు చెమట పట్టేదో, ఏ ప్రశ్నకు పాత ఫైలు తీసి పదిహేను నిమిషాల్లో జవాబు కొట్టేసేవాళ్లమో నాకు తెలుసు.

ముందు స్టార్డ్ సంగతి న్యాయంగా చెప్పాలి. లోక్‌సభలో రోజుకు ఇరవై నక్షత్ర ప్రశ్నలు జాబితాలోకి ఎక్కుతాయి. ఏవి ఎక్కాలో, ఏ వరుసలో ఎక్కాలో లాటరీ తేలుస్తుంది. ఆ జాబితాను ఆకుపచ్చ కాగితం మీద అచ్చు వేస్తారు, నక్షత్రం లేనివాటిని తెల్లకాగితం మీద. మా సెక్షన్‌లో పచ్చకాగితం కనిపిస్తే టెన్షన్ మొదలయ్యేది. జవాబు రాస్తే సరిపోదు. దాని వెనక సప్లిమెంటరీలకు, అంటే జవాబు విన్నాక అక్కడికక్కడే అడిగే అనుబంధ ప్రశ్నలకు, నోట్ తయారు చేయాలి. ఎంపీ ఎటు నుంచి తిరగేసి అడిగినా మంత్రి తడుముకోకుండా ఉండాలని ఇరవై ముప్పై పేజీలు సిద్ధం చేసేవాళ్లం. ప్రశ్న వేసిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నల అవకాశం ఉంటుంది. తర్వాత స్పీకర్ పిలిస్తే మిగతావాళ్లూ అడగొచ్చు. ప్రశ్నోత్తరాలకు కేటాయించిన ఆ గంటసేపు మా పైఅధికారులు అధికారుల గ్యాలరీలో కూర్చుని, మంత్రికి చీటీలు పంపడానికి సిద్ధంగా ఉండేవాళ్లు.

ఈ అనుబంధ ప్రశ్నల బలం ఎంతటిదో చూడాలంటే 1957కు వెళ్లాలి. ఎల్ఐసీ డబ్బు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలోకి ఎందుకు పోయిందని లోక్‌సభలో రాంసుభగ్ సింగ్ ప్రశ్న వేశారు. ఫిరోజ్ గాంధీ దాన్ని అందిపుచ్చుకుని వదల్లేదు. ఇద్దరూ పాలకపక్షం వాళ్లే, పైగా ఫిరోజ్ గాంధీ సాక్షాత్తూ ప్రధాని అల్లుడు. చాగ్లా కమిషన్ విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మొదటి జవాబు పొడిపొడిగా ఉన్నప్పుడు 'మరి ఇదేమిటి' అని అక్కడికక్కడే నిలదీసే వీలు నక్షత్ర ప్రశ్నకే ఉంది. దాన్ని నేను కాదనను.

అయితే లెక్క వేసుకోండి. గంట సమయం, ఇరవై ప్రశ్నలు. సభ సజావుగా సాగినా సగటున నాలుగైదు ప్రశ్నల దగ్గరే గంట అయిపోతుంది. 2019 నవంబరులో ఒక రోజు లోక్‌సభలో ఇరవైకి ఇరవై ప్రశ్నలూ పూర్తయితే అదే పెద్ద వార్త అయింది. మీ ఎంపీ గారి నంబరు పద్నాలుగు వచ్చిందనుకోండి, ఆ నక్షత్రం పేరుకే. సమయం చాలక మిగిలిపోయిన ప్రశ్నకు రాతపూర్వక జవాబు మాత్రం సభ ముందు పెడతారు. అంటే చివరికి అది అన్‌స్టార్డ్‌లాగానే తేలుతుంది. వెల్‌లోకి దూకడాలు, వాయిదాలు ఉన్న రోజైతే ఒకటో నంబరుకూ అదే గతి. అన్నట్టు రాజ్యసభలో నక్షత్ర ప్రశ్నలు పదిహేనే. అక్కడ 2014 చివర్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని పదకొండు నుంచి మధ్యాహ్నం పన్నెండుకు మార్చారు, పొద్దుటి గొడవలు సద్దుమణిగాక అయినా నడుస్తుందని.

ఇక అన్‌స్టార్డ్. లోక్‌సభలో రోజుకు 230 వరకు వస్తాయి. ఒక సభ్యుడి పేరున ఒక రోజు జాబితాలో మొత్తం ఐదు ప్రశ్నలకు మించి రావు, అందులో నక్షత్రం ఒక్కదానికే. మిగతా నాలుగూ నక్షత్రం లేనివి. అనుబంధ ప్రశ్నలుండవు, మంత్రి లేవడు, టీవీలో రాదు. మా సంఘం వాళ్లు ఇక్కడే నీరుగారిపోతారు.

2020 సెప్టెంబరు సంగతి గుర్తు చేస్తాను. కరోనా పేరుతో ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. మిగిలినవి అన్‌స్టార్డ్ ప్రశ్నలే. లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కూలీలు చనిపోయారన్న ప్రశ్నకు కార్మిక శాఖ లోక్‌సభలో ఇచ్చిన రాత జవాబు: అలాంటి లెక్కలు మా దగ్గర లేవు. నష్టపరిహారం ప్రశ్న అందువల్ల ఉత్పన్నం కాదు. ఏ మంత్రీ లేచి మాట్లాడలేదు, ఎవరూ గొంతు చించుకోలేదు. అయినా దేశమంతా ఆ జవాబు మీదే మాట్లాడింది. శాఖ తన చేత్తో తానే 'లెక్క లేదు' అని రాసుకుంది మరి.

మన తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ విశాఖ ఉక్కు. 2021 మార్చి 8న ఆర్థిక మంత్రి లోక్‌సభలో ఇచ్చిన రాత జవాబు వంద శాతం వాటాలు అమ్మే ఆలోచనను కాగితం మీద ఖరారు చేసింది. రాష్ట్రానికి అందులో వాటా లేదనీ చెప్పింది. అంతకు నెల ముందు నుంచీ వార్తలు వస్తూనే ఉన్నాయి. కార్మికుల ఆందోళనా అప్పటి నుంచే ఉంది. కానీ ఆ కాగితం రాగానే కూర్మన్నపాలెం దగ్గర వాళ్లు మళ్లీ రోడ్డెక్కారు. అమరావతి విషయంలో 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ ఇచ్చిన రాత జవాబైతే మరీ తమాషా. రాజధాని ఎక్కడన్నది రాష్ట్రం ఇష్టం అని ఒక వాక్యం, 2015లో అమరావతిని రాజధానిగా నోటిఫై చేశారని మరో వాక్యం. ఇరుపక్షాలూ చెరో వాక్యం పట్టుకుని తామే గెలిచామన్నాయి. రాసినవాడి పనితనానికి పాత సెక్షన్ ఆఫీసరుగా నేను దండం పెట్టుకున్నాను.

ఇంతకీ ఏది మేలన్నది నా దృష్టిలో నక్షత్రం మీద ఆధారపడి లేదు. ప్రశ్న ఎలా రాశారన్నదే తేలుస్తుంది. అక్కడ అన్‌స్టార్డ్‌దే పైచేయి, ఎందుకో చెబుతాను.

మా సంఘం వాళ్లు తెచ్చిన డ్రాఫ్టు ఇది: "ఫలానా లెవెల్ క్రాసింగ్ వద్ద ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? వస్తే, ఓవర్‌బ్రిడ్జి నిర్మాణానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" ఇలాంటిది నా టేబుల్ మీదకు వస్తే టీ తాగేలోపు జవాబు రాసేవాణ్ని. "లెవెల్ క్రాసింగ్‌ల స్థానంలో వంతెనలు కట్టడం నిరంతర ప్రక్రియ. రద్దీ, భద్రత, నిధుల లభ్యతను బట్టి పనులు చేపడతాం." ఇందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క సమాచారమూ లేదు.

దాన్ని మార్చి రాయించాను. వంతెన పని ఏ సంవత్సరంలో మంజూరైంది, మంజూరైన మొత్తం ఎంత? డ్రాయింగుకు, అంటే జీఏడీకి, రైల్వే ఆమోదం ఏ తేదీన వచ్చింది, రాష్ట్రం ఆమోదం ఏ తేదీన వచ్చింది? గత మార్చి 31 నాటికి రైల్వే వాటాలో ఖర్చయింది ఎంత, రాష్ట్రం వాటాలో జమ అయింది ఎంత? భూసేకరణకు ఎన్ని ఎకరాలు కావాలి, ఎన్ని అప్పగించారు? ఇందులో 'ఇబ్బందులు' లేవు, 'చర్యలు' లేవు. తేదీలు, అంకెలు మాత్రమే. సెక్షన్‌లో కూర్చున్నవాడు దీన్ని నిరంతర ప్రక్రియతో కప్పలేడు. జోన్‌కు రాయాలి, అక్కడి నుంచి డివిజన్‌కు, డివిజన్‌లో ఇంజినీరింగ్ వాళ్లు ఫైలు దుమ్ము దులపాలి. చేతిలో ఉండేది కొద్ది రోజులే. మూడేళ్లుగా కదలని ఫైలు 'పీక్యూ (పార్లమెంటు ప్రశ్న), మోస్ట్ ఇమ్మీడియెట్' అన్న చీటీ తగిలించుకుని రెండు రోజుల్లో మూడు ఆఫీసులు తిరగడం నేను కళ్లారా చూశాను. ఒక్కోసారి జవాబులో రాయడానికి ఏదో ఒకటి ఉండాలని ఆ వారంలోనే ఆగిన మంజూరు ఉత్తర్వు బయటికి వచ్చేది.

ఇలాంటి అంకెల ప్రశ్నకు నోటితో చెప్పే జవాబు పనికిరాదు. పట్టిక కావాలి. అది రాతలోనే వస్తుంది. అంతకంటే పెద్ద లాభం, మళ్లీ అడగొచ్చు. ఒకసారి జవాబిచ్చిన ప్రశ్ననే అదే సమావేశాల్లో మళ్లీ వేస్తే ఒప్పుకోరు కానీ, తర్వాతి సమావేశాల్లో కొత్త తేదీ వరకు అవే వివరాలు అడగవచ్చు. బడ్జెట్, వర్షాకాలం, శీతాకాలం అని మూడుసార్లు అడిగితే మూడు పట్టికలు. పక్కపక్కన పెట్టి చూడండి. 'ఈ ఏడాది పూర్తవుతుంది' అన్నవాళ్లే మరుసటిసారి ఇంకో ఏడాది రాస్తారు. మేం అన్నిటికంటే భయపడేది మా పాత జవాబుకే. కొత్త డ్రాఫ్టు పెట్టేముందు జాయింట్ సెక్రటరీ అడిగే మొదటి మాట, "పోయినసారి ఏం చెప్పాం?"

జవాబు వచ్చాక చదవడమూ ఒక విద్యే. నాలుగు భాగాలుగా అడిగితే, "(ఎ) నుంచి (డి) వరకు:" అని అన్నిటికీ కలిపి ఒకే పేరా ఇచ్చారంటే వాటిలో ఏదో ఒకటి ఎగ్గొట్టారని అర్థం. ఏది ఎగ్గొట్టారో వెతికి పట్టుకుని తర్వాతిసారి దాన్నొక్కదాన్నే విడిగా అడగాలి. ఇంకో జారుడు 'మాకు నివేదించలేదు' అనడం. 2021 జూలైలో రాజ్యసభలో ఆక్సిజన్ కొరత మరణాల ప్రశ్నకు ఆరోగ్య శాఖ జవాబు చూడండి, అలాంటి మరణాలను రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదు అన్నారు. మరణాలు జరగలేదని అనలేదు. ఆ జవాబు తర్వాత అడగాల్సింది 'ఎంతమంది పోయారు' అని కాదు, 'నివేదించమని రాష్ట్రాలకు ఏ తేదీన రాశారు, దానికి ఏ ఫార్మాట్ ఇచ్చారు' అని.

'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం' అని రాస్తే మాత్రం నిరాశపడకండి. అది మీ అదృష్టం. ఆ మాట హామీ కింద లెక్క. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మూడు నెలల్లో హామీ తీర్చాలి, లేకపోతే గడువు పొడిగించమని శాఖ అడుక్కోవాలి. 'పరిశీలనలో ఉంది' అన్నదీ హామీయే. అందుకే అనుభవం ఉన్న సెక్షన్ ఆఫీసరు ఆ మాటలు రాయడు. కొత్తవాడు రాసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కమిటీకి వివరణలు రాసుకుంటూ కూర్చుంటాడు.

రాత జవాబు అసలేమీ తేల్చకపోతే అరగంట చర్చకు నోటీసు ఇచ్చే దారి ఉంది, అన్‌స్టార్డ్ జవాబు మీద కూడా. ఎంపీకి ఓపిక ఉండాలి.

జీరో అవర్ గురించీ అడుగుతారు. నిబంధనల్లో లేని వ్యవహారమది, అక్కడికక్కడ జవాబివ్వాల్సిన అవసరం మంత్రికి లేదు. దేశ పటంలో అమరావతి లేదని 2019 నవంబరులో జీరో అవర్‌లో అంటే మర్నాటికల్లా పటం సరిదిద్దారు. అలాంటివి అరుదు. లోక్‌సభ 377 నిబంధన కింద ఎంపీ ఒక సమస్యను ప్రస్తావిస్తే దానికి ఆనక ఒక ఉత్తరం వస్తుంది, ఫ్రేమ్ కట్టించుకోవచ్చు. తక్కువ గడువుతో వేసే షార్ట్ నోటీస్ ప్రశ్న మంత్రి ఒప్పుకుంటేనే, కాబట్టి వదిలేయండి. సమాచార హక్కు దరఖాస్తు ఎవరి అవసరమూ లేకుండా పది రూపాయలతో మీరే వేసుకోవచ్చు, వేయండి. కాకపోతే పార్లమెంటుకు కాదనలేని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదని ఆ చట్టంలో ఉన్న మాటను 2023 నాటి డేటా రక్షణ చట్టం తీసేసింది. 2025 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది.

అసెంబ్లీ ప్రశ్నల లెక్క కొంచెం వేరు. కలెక్టరేటు నుంచి మండలం దాకా 'ఎల్ఏక్యూ' (అసెంబ్లీ ప్రశ్న) అంటే హడావుడే. కానీ సభ ఏడాదిలో ఎన్ని రోజులు కూర్చుంటుందో మీకు తెలిసిందే. పోలీసు, ఆసుపత్రి, భూమి వంటివి రాష్ట్రానివి కాబట్టి వాటికి ఎమ్మెల్యే దగ్గరికే వెళ్లాలి. ఎంపీ చేత అడిగిస్తే 'ఇది రాష్ట్ర జాబితాలోని అంశం' అన్న ఒక్క ముక్కతో తిరిగొస్తుంది.

మా సంఘం వాళ్లకు చివరికి నాలుగు అన్‌స్టార్డ్ ప్రశ్నలు రాసిచ్చాను, ఒక్కోటీ 150 మాటల లోపు. నోటీసుకు పదిహేను రోజుల గడువు దాటకుండా ఎంపీ గారి పీఏకి అందజేశారు. ఐదోది స్టార్ పెట్టించుకున్నారు. సరదా పడుతుంటే ఎందుకు కాదనాలని ఊరుకున్నాను. లాటరీలో ఏ నంబరు వస్తుందోనని ఇప్పటికే సంఘంలో పందేలు నడుస్తున్నాయి.