"ఫ్యాక్టరీ కాలిబ్రేటెడ్" మానిటర్ కొంటున్నారా? ముందు సీరియల్ నంబరు చూడండి

ఫోటో ఎడిటింగ్ కోసం మానిటర్ కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. కంపెనీ పేరు రాయను. పెట్టె మీద ఇలాంటి మాటలు అచ్చేసేది ఒక్క కంపెనీయే కాదు.

నా మానిటర్ పెట్టె మీద "ఫ్యాక్టరీ కాలిబ్రేటెడ్, డెల్టా ఈ 2 కంటే తక్కువ" అని పెద్దక్షరాల్లో ఉంది. రంగులు ఫ్యాక్టరీలోనే కొలిచి సరిచేసి పంపామని దానర్థం. ఉండాల్సిన రంగుకీ తెర చూపించే రంగుకీ ఉన్న తేడాయే డెల్టా ఈ. 2 లోపుంటే మామూలుగా కంటికి దొరకదు. లోపల గ్రాఫులతో ఒక రిపోర్టు కాగితం కూడా పెట్టారు. ఇంకేం, నమ్మేశాను.

మా అమ్మ ఫోటోతో మొదలుపెట్టాను. కిటికీ పక్కన కూర్చుంది, భుజాల మీద ముదురు నీలం శాలువా. తెర మీద ఆ శాలువా అల్లిక పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. ప్రింటు చేతికొచ్చాక చూస్తే శాలువా నల్లటి ముద్ద, అమ్మ మొహం కామెర్లొచ్చినట్టు పచ్చగా ఉంది.

ల్యాబువాళ్ల మీద ఎగిరాను. పాపం, ఓపిగ్గా ఆటో కరెక్షన్ తీసేసి మళ్లీ వేసిచ్చారు. అదే ముద్ద. ఇంకో ల్యాబులో వేయించినా అంతే. రెండు చోట్లా ఒకేలా చెడిందంటే చెడింది ఫైలే కదా. చెడగొట్టింది నేను, నాచేత చెడగొట్టించింది ఆ తెర.

స్నేహితుడి కలరీమీటర్ (తెర రంగులు కొలిచే పరికరం) అడిగి తెచ్చి తెరకు ఆనించాను. తెలుపు 6500 కెల్విన్ దగ్గర ఉండాల్సింది, 7600 చూపించింది. అంటే తెర నీలం వైపు ఒరిగి ఉంది. ఆ నీలం కనబడకుండా చేయడానికి నాకు తెలియకుండానే ప్రతి ఫోటోకీ పసుపు పూస్తూ పోయానన్నమాట! వెలుతురేమో చదరపు మీటరుకు 310 క్యాండెలాలు. ప్రింట్ల కోసం పనిచేసేవాళ్లు సాధారణంగా 80 నుంచి 120 మధ్య పెట్టుకుంటారు. అంత వెలుగులో నీడలన్నీ తేటగా కనబడతాయి, కాగితానికి ఆ వెలుగు ఎక్కడిది? (ఇందులో సగం తప్పు నాదే, వచ్చిన రోజున్న బ్రైట్‌నెస్ ముట్టుకోలేదు.) డెల్టా ఈ సగటు 6 దాటింది. ల్యాబు ఇచ్చిన ఐసీసీ ప్రొఫైల్ (వాళ్ల ప్రింటరూ కాగితమూ రంగుల్ని ఎలా చూపిస్తాయో చెప్పే ఫైలు) పెట్టి సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే నమూనా, కూడా చూసుకున్నాను, కానీ చూపించే తెరే అబద్ధమాడుతుంటే అది దండగ.

అప్పుడు తీశాను ఆ రిపోర్టు కాగితం. దాని మీది సీరియల్ నంబరుకీ మానిటర్ వెనక స్టిక్కర్ మీది నంబరుకీ చివరి నాలుగంకెలు కలవలేదు. అది ఇంకెవరి మానిటర్ జాతకమో! పైగా కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఆ కొలతలు తెరలకు మామూలుగా వాడే ప్రామాణిక రంగుల సముదాయమైన ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌కి మాత్రమే అని ఉంది. ఆ మోడ్‌లోకి వెళ్తే బ్రైట్‌నెస్ బటన్ పనిచేయదు. తగ్గిద్దామన్నా దారి లేదు.

కస్టమర్ కేర్‌వాళ్లు "రంగులు చూసే కంటిని బట్టి ఉంటాయండీ" అన్నారు. రీడింగులు పంపితే బయటి పరికరం కొలతలు ఒప్పుకోమన్నారు. ప్రింట్లు, మళ్లీ ప్రింట్లు అంటూ తిరిగేసరికి వాపసు గడువు కూడా దాటిపోయింది.

కాబట్టి పెట్టె విప్పిన రోజే నంబర్లు పోల్చుకోండి. కలవకపోతే రెండూ ఒకే ఫోటోలో పడేలా తీసి అప్పుడే ఫిర్యాదు పెట్టండి. తరవాత తెర నిండా ఒకే బూడిద రంగు పెట్టి, గదిలో లైటు ఆర్పి, మూలలు చూడండి. నా దాంట్లో కుడివైపు కింది మూల మసక. కలరీమీటర్ నడిమధ్యన కొలిచి ఆ దిద్దుబాటునే తెరంతటికీ వేస్తుంది, మూల మసకని అది బాగుచేయలేదు. అది ప్యానెల్ లోపం, వాపసు ఇవ్వడమే మందు. "125 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని రాసి ఉంటే మురిసిపోకండి, కవరేజీ, అంటే ఆ సముదాయంలోని రంగుల్లో ఈ తెర చూపించగలిగేవి ఎంత శాతమో, అడగండి. మొత్తం విస్తీర్ణం ఎక్కువున్నా ఎస్‌ఆర్‌జీబీలోని కొన్ని రంగులు అందులో లేకపోవచ్చు.

మామూలు మోడ్‌లోనే వెలుతురు 100కి దించి, తెలుపు సరిచేసి, అమ్మ ఫోటో మొదటి నుంచీ మళ్లీ చేశాను. ఈసారి ప్రింటులో శాలువా పోగులు కనబడ్డాయి. ఆ మసక మూలలోకి మాత్రం టూల్ ప్యాలెట్లు జరిపేశాను, ఫోటో అటు పోనివ్వను.