దసరాకు ఇంట్లో చూడాలంటే బలగమా, మల్లేశమా?

బతుకమ్మ మొదలైందంటే నాకు ఫోన్లు కూడా మొదలవుతాయి. "పిల్లలు హైదరాబాదు నుంచి వస్తున్నరు, అందరం కూర్చొని చూసేటట్టు మంచి సినిమా ఒకటి చెప్పు" అని. ఇక్కడ నల్గొండలో మా కాలనీవాళ్లు అడుగుతారు, మిర్యాలగూడ నుంచి మేనమామ అడుగుతాడు, దేవరకొండలో ఉన్న దోస్తు అడుగుతాడు. మన భాషలో, మన మనుషుల కథ కావాలంటారు. మాట తిరిగి తిరిగి చివరికి రెండు పేర్ల దగ్గరే ఆగుతుంది. 2023లో వచ్చిన బలగం, 2019లో వచ్చిన మల్లేశం. రెండూ ఇదివరకే చూసినవాళ్లు కూడా అడుగుతున్నారు. పండుగ పూట ఇంటిల్లిపాదితో కూర్చుంటే చూసిన సినిమా కూడా వేరేలా కనిపిస్తుంది కదా.

మా ఇంట్లో 2023 దసరాకు బలగం చూశాం, మరుసటి ఏడు దసరాకు మల్లేశం. అదే హాలు, అదే టీవీ, దాదాపు అదే మనుషులు. అందుకే ఈ రెండింటి గురించి కొంచెం ధైర్యంగానే చెప్పగలను.

నటన దగ్గర తేడా వెతకొద్దు. రెండింట్లోనూ ప్రియదర్శే, రెండుచోట్లా పాత్రలో కలిసిపోయాడు. చిత్రమేమిటంటే రెండు కథల్లోనూ బాధ అంతా లక్ష్మి అనే పేరున్న ఆడమనిషి చుట్టే తిరుగుతుంది. మల్లేశంలో ఆమె తల్లి, బలగంలో పుట్టింటికి దూరమైన ఆడబిడ్డ. భాష దగ్గర కూడా తూకం సమానమే. బలగం సిరిసిల్ల వైపు కథ కాబట్టి మన యాస కాదంటారు కొందరు. కానీ మన ఆలేరు కథ అయిన మల్లేశానికి మాటలు రాసిన పెద్దింటి అశోక్ కుమార్‌ది కూడా సిరిసిల్ల ప్రాంతమే. మా అమ్మకు రెండింట్లోనూ ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు.

మరి దేన్ని బట్టి తేల్చుకోవాలి? నా మట్టుకు ఒక్కటే లెక్క. సినిమా నడుస్తున్నప్పుడు, అయిపోయాక ఇంట్లో మాట పుడుతోందా, ఉన్న మాట కూడా ఆగిపోతోందా? థియేటర్లో ఈ ప్రశ్నే రాదు. ఇంట్లో సినిమా చూసేది పక్కన మనవాళ్లు ఉంటారనే కదా.

వేణు యెల్దండి తీసిన బలగం 2023 మార్చి 3న విడుదలైంది, మూడు వారాలకే ప్రైమ్‌లోకి వచ్చేసింది. ఫోన్లో దొరికే సినిమాను కూడా ఊళ్లకు ఊళ్లు తెర కట్టుకొని, నేల మీద కూర్చొని చూశాయి. ఎందుకంటే ఆ సినిమాను గుంపులో చూడాలి. పక్కన పది మంది వెక్కివెక్కి ఏడుస్తుంటే మన ఏడుపుకు చాటు దొరుకుతుంది. చీకట్లో కొంగు అడ్డం పెట్టుకుంటే ఎవరూ చూడరు. హాలులో ట్యూబులైటు కింద ఆ చాటు లేదు. ఎవరు ఎప్పుడు కళ్లు తుడుచుకున్నారో, ఎక్కడ తల దించుకున్నారో అందరికీ కనిపిస్తుంది.

మా నాయనకు, మా చిన్నత్తకు అప్పటికి ఆరేళ్లుగా మాటల్లేవు. ఇంటి జాగ పంచుకునే దగ్గర వచ్చిన పేచీ. అత్త పండుగకు వస్తుంది, అమ్మతో మాట్లాడుతుంది, నాయన ఎదురుపడితే పక్కకు తిరిగిపోతుంది. ఆ దసరా రోజు మధ్యాహ్నం మటన్ కూరతో అందరం తిని బలగం పెట్టుకున్నాం. కథలో ఇంటి పెద్ద కొమురయ్య ఊరంతా తిరుగుతూ అందరినీ పలకరించేదాకా నవ్వులే. తర్వాత నల్లిబొక్క, అంటే మటన్ కూరలో మూలుగ ఉండే బొక్క, గొడవ వచ్చింది. బావ, బామ్మర్ది మధ్య ఒక బొక్క దగ్గర మొదలైన పట్టింపు, ఇరవై ఏళ్లు ఆడబిడ్డను పుట్టింటికి రానివ్వని పట్టింపు. మేం తిన్న పళ్లేలు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. హాలులో ఎవరూ కదల్లేదు. కొమురయ్య పోయాక పెట్టిన పిండాన్ని మూడో రోజు కాకి ముట్టలేదు, ఐదో రోజూ ముట్టలేదు. అత్త "నీళ్లు తాగొస్త" అని లేచి వంటింట్లోకి పోయింది, మళ్లీ రాలేదు. చివర్లో బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మ పాడే పాటను అక్కడే, పొయ్యి గట్టుకు ఆనుకొని విన్నది. నాయన మొహం మీద తువ్వాల వేసుకున్నాడు. సినిమా అయిపోయాక తమ్ముడు క్రికెట్ పెట్టాడు. అత్త సాయంత్రం బస్సుకే చండూరు పోయింది.

ఇందులో సినిమా తప్పు ఏమీ లేదు. అంత నిజంగా తీశారు కాబట్టే అట్లా తగిలింది. ఆ పాట పాడిన మొగిలయ్య 2024 డిసెంబరులో పోయారని విన్న రోజు మా ఇంట్లో అందరికీ బాధేసింది. బలగం చూశాక విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయారని చాలాచోట్ల చెప్పుకున్నారు, కలిసే ఉంటారు. కానీ అట్లా కలవాలంటే ఆ గదిలో ఎవరో ఒకరు ముందు నోరు తెరవాలి. మా ఇంట్లో ఎవరూ తెరవలేదు. సినిమా మా పేచీని తీసుకొచ్చి నట్టింట్లో పెట్టింది, మేం దాని చుట్టూ కూర్చొని టీవీ చూశాం.

మల్లేశం పేరు చెబితే సగంమంది నసుగుతారు, పాఠంలా ఉంటుందేమోనని. పద్మశ్రీ వచ్చిన మనిషి కథ అనగానే అట్లా అనుకోవడం సహజమే. చింతకింది మల్లేశం ఉమ్మడి నల్గొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేట మనిషి. ఆసు పోయడమంటే చీర నేసే ముందు పోగును పుల్లల చుట్టూ చేత్తో తిప్పి చుట్టడం. అట్లా ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోతుంటే చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన పిల్లగాడు ఏళ్ల తరబడి అప్పులు చేసి, ఊరివాళ్లతో మాటలు పడి, 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా మనకు తెలిసిందే. తెలిసిన కథే అయినా చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం, ముఖ్యంగా తల్లిగా ఝాన్సీ కనిపించినంతసేపూ.

మేం మల్లేశం పెట్టుకున్న దసరాకూ అత్త వచ్చింది. తెర మీద తల్లి ఆసు పోస్తుంటే తమ్ముడి బిడ్డ, ఎనిమిదేళ్లది, "ఆమె ఏం చేస్తుంది?" అని అడిగింది. అమ్మ ఏదో చెప్పబోయింది. "అట్ల కాదు వదినే, ఉండు" అని అత్త కుర్చీలోంచి దిగి కింద కూర్చుంది. ప్లాస్టిక్ కుర్చీని బోర్లా వేసి, ఒక కాలును ఈ కొసన ఉండే గూటం అనుకోమంది, అవతల అర్ధచంద్రంలా వరసగా పుల్లలు ఉంటాయని గాలిలో గీసి చూపించింది. చేతిలో దారం లేదు. అయినా చూపుడువేలు, బొటనవేలు పోగును పట్టుకున్నట్టే కలిసి ఉన్నాయి. చెయ్యి ముందుకు చాపుతుంది, పుల్ల చుట్టూ తిప్పుతుంది, వెనక్కి తెస్తుంది. పెళ్లికి ముందు గట్టుప్పల్‌లో రోజూ చేసిన పని. ముప్పై ఏళ్లయినా చెయ్యి మరిచిపోలేదు.

"లెక్కపెట్టు బిడ్డా" అంది. పిల్ల వంద దాకా లెక్కపెట్టి, నేనూ చేస్తానని మొదలుపెట్టి అరవైకే చెయ్యి దించేసింది. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు అట్లా చెయ్యి ఆడాలని, నాలుగైదు గంటలు పడుతుందని, మల్లేశం మిషన్ మీద గంటన్నరలో అయిపోతుందని నేను చెప్పాను. పిల్ల నా మాట వినలేదు, అత్త భుజం వైపే చూస్తోంది.

అప్పుడు నాయన మాట్లాడాడు. పిల్లతోనే, కానీ అందరికీ వినపడేటట్టు. "మా ఇంట్ల ఆసు అంత ఇదే పోసేది. మగ్గం మీద నేను తప్పుతుంటి గని, దీని పోగు ఒక్కటి తప్పకపోయేది."

అత్త తల ఎత్తలేదు. "ఇప్పుడు ఈ భుజం పైకి లేస్తలేదు" అంది, అదీ పిల్లతోనే. తర్వాత సినిమాను ఆపి ఓ అరగంట చిటికి కట్టడం (రంగు అంటకుండా పోగులను ముడివేయడం) గురించి, రంగుల గురించి, పాత మగ్గం గుంటలో వానాకాలం నీళ్లు ఊరడం గురించి ఇద్దరూ పిల్లకు చెప్పుకుంటూ పోయారు. ఒకరు చెప్పింది ఇంకొకరు సరిదిద్దారు. ఇంటి జాగ పేచీ తీరలేదు, ఇప్పటికీ ఉంది. కానీ ఆ రాత్రి ఇద్దరూ ఒకే బంతిలో కూర్చొని తిన్నారు.

ఇది చూశాకే నా మనసు మల్లేశం వైపు మొగ్గింది, దాచుకోను. బలగం మన ఇంటి బంధాలను అడుగుతుంది. వాటికి జవాబు చెప్పడం కష్టం. మల్లేశం మన ఇంటి పనిని అడుగుతుంది. దానికి పెద్దవాళ్ల దగ్గర బోలెడు జవాబులున్నాయి, ఎవరైనా అడిగితే బాగుండునని కూర్చున్నారు. దీనికి పద్మశాలి ఇల్లే కానక్కర్లేదు. కల్లు గీసిన తాత ఉన్నా, పాలమూరు నుంచి బొంబాయికి వలసపోయి మట్టిపని చేసిన నానమ్మ ఉన్నా, తల్లి భుజం నొప్పి చూసి వాళ్లు చెప్పడం మొదలుపెడతారు.

ఇంకో లాభం కూడా ఉంది. పండుగ ఇంట్లో సినిమా ఒక్క గుక్కలో నడవదు. జమ్మి ఆకు పట్టుకొని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, లేవాలి, బంగారం ఇచ్చిపుచ్చుకోవాలి, పెద్దల కాళ్లు మొక్కాలి. మల్లేశాన్ని ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవచ్చు. బలగం అట్లా కాదు. మొదట్లో కొమురయ్య బతికున్న కాసేపు తప్పిపోతే, తర్వాత ఆయన కోసం ఏడ్చే ఏడుపు సగమే అందుతుంది. మల్లేశానికి లోపాలు లేవని కాదు. రెండో సగం నెమ్మదిస్తుంది, యంత్రంలో చివరికి ఏ చిక్కు ఎట్లా విడిపోయిందో పిల్లలకు సరిగ్గా అర్థం కాదు. అక్కడ ఎవరైనా పెద్దవాళ్లు చెప్పాల్సిందే.

మిగతావి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. మా భూమి చూడాల్సిన సినిమానే, సాయుధ పోరాటం నడిచిన జిల్లావాళ్లం మనం. కానీ పండుగ సందడిలో కాదు, తీరిక ఉన్న రోజున తాతతో కూర్చొని చూడండి. దాసి గొప్పది, చిన్నపిల్లలు ఉన్న గదిలో వద్దు. ఫిదా టీవీలో అందరూ పదిసార్లు చూసేసిందే.

ఏది పెట్టినా ఫోన్లో చూడకండి, చిన్నదైనా టీవీలో చూడండి. ఈ రెండింట్లోనూ పాటల సౌండుకు తగ్గట్టు పెడితే మెల్లగా అనే మాటలు పోతాయి, పెద్దవాళ్లకు వినపడవు. రిమోట్ చేతిలోనే ఉంచుకోండి. ఇంట్లో ఈ ఏడాది లోపల ఎవరైనా పోయి ఉంటే బలగం మాత్రం సంవత్సరీకం దాటేదాకా పెట్టొద్దు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసిమెలిసి ఉన్న ఇల్లయితే రాత్రిపూట, లైట్లు ఆర్పేసి, మధ్యలో ఆపకుండా చూడండి.

నిన్ననే అత్త చండూరు నుంచి ఫోన్ చేసింది. పండుగకు కోడలిని కూడా తీసుకొస్తుందట, ఆ అమ్మాయి మల్లేశం చూడలేదట. "తిన్నంక రెండున్నరకు పెట్టు, మీ నాయనను నిద్రపోనియ్యకు" అంది.